బిడ్డా, ఆ బొమ్మలు అచ్చు వేయించకు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

అమెరికా చదువులకు వెళ్లబోయే పిల్లలకు నకిలీ మాత్రల గురించి చెప్పడానికి మన వరంగల్ కాలేజీలకు వెళ్తానన్నావట. మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. అక్కడ అలాంటి మాత్రతోనే కొడుకును పోగొట్టుకున్న నా బిడ్డ పదిమంది పిల్లల కోసం లేచి నిలబడుతోందంటే గర్వంగా ఉంది. ఆ రాత్రి సంగతి కొత్తవాళ్ల ముందు మళ్లీ మళ్లీ చెబుతూ నువ్వు ఏమైపోతావోనని భయంగానూ ఉంది. వద్దని మాత్రం అనను. వ్యవసాయ శాఖలో ఉన్నన్నాళ్లూ ఊరూరా సభల్లో మాట్లాడినవాణ్ణి, అందుకే రాస్తున్నాను.

ప్రిన్సిపాల్ అనుమతి ముందే తీసుకో. మైకు సరిచూసుకో. అరగంట దాటనివ్వకు. ఇవి నీకు తెలియనివి కావు.

అసలు మాత్రనూ నకిలీ మాత్రనూ పక్కపక్కన పెట్టి తేడా చూపించే బొమ్మలు తయారు చేయిస్తున్నావట. అది మానేయి.

1997-98లో మన జిల్లా పత్తి ఎలా పోయిందో నీకు లీలగానైనా గుర్తుండాలి. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. అప్పుల్లో మునిగిన రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత నకిలీ మందుల మీద సభలు పెట్టాం. మా పై అధికారి ఒకాయన ఒక చేత అసలు డబ్బా, ఇంకో చేత నకిలీ డబ్బా పట్టుకుని, మూత మీద ముద్ర ఇలా ఉండాలి, అక్షరాలు ఇలా ఉండాలి అని చూపించేవాడు. రైతులు ముందుకు వంగి చూసేవారు, తలలూపేవారు. మరుసటి ఏడాది అదే ముద్రతో, అవే అక్షరాలతో నకిలీ డబ్బాలు దిగాయి. ఒక రైతు ఖాళీ డబ్బా పట్టుకుని మండల ఆఫీసుకు వచ్చాడు. మూతను బొటనవేలితో రుద్ది చూపిస్తూ, "మీరు చెప్పినట్టే చూసి కొన్నాను సార్" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. అధికారి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు, ఆయనకే తేడా తెలియలేదు. ఎవరూ ఏమీ నేర్పకపోయి ఉంటే ఆ రైతు అనుమానంతోనైనా నలుగురిని అడిగేవాడు, బిల్లు లేనిదే కొనేవాడు కాదు. సభలో దొరికిన ధైర్యం అతన్ని ముంచింది.

మాత్రలు ఇంకా ఘోరం. నీలం రంగు, ఒకవైపు ఎం అక్షరం, ఇంకోవైపు 30 అంకె. ఆక్సీకోడోన్ నొప్పి మాత్ర ఎలా ఉంటుందో అలాగే అచ్చు పోస్తారు. లోపల ఉండేది ఫెంటానిల్ అనే మత్తుమందు, మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు బలమైనది. 2 మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి అంటోంది అక్కడి మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ. వాళ్లు పరీక్షించిన ఫెంటానిల్ మాత్రల్లో 2023లో 10కి 7, 2024లో 10కి 5 ఆ ప్రమాదపు మోతాదులో ఉన్నాయి. పప్పులో ఉప్పు ఒకచోట గడ్డ కట్టినట్టు, ఒక్క మాత్రలోనే విషం సమంగా కలవదు. సగం విరిచి వేసుకున్నా భద్రం లేదు. కంటితో పట్టుకోవచ్చన్న నమ్మకం పిల్లలకు ఇవ్వకు తల్లీ. ఫార్మసీ నుంచి తమ పేరు మీద వచ్చిన మందు తప్ప, గదిలో ఉండే స్నేహితుడు ఇచ్చినా మాత్ర వేసుకోవద్దని చెప్పు.

వాళ్లు ఎందుకు తీసుకుంటారో కూడా చెప్పు. ఇక్కడ నిద్ర పట్టకపోయినా, నడుము పట్టేసినా వీధి చివర మెడికల్ షాపులో నోటిమాటతో మాత్ర తెచ్చుకుంటాం. ఆ అలవాటుతోనే విమానం ఎక్కుతారు. అక్కడ డాక్టరు వెంటనే దొరకడు, ఖర్చంటే భయం, తెల్లారితే పరీక్ష. ఫోనులో ఎవరో ఇస్తానంటారు. మన బాబుకు జరిగింది అదే కదా. యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో చేరిన వారంలోనే కనుక్కోమను.

ఆవేశంలో ఫెంటానిల్ మన వీధుల్లోనూ అమ్ముతున్నారని మాత్రం అనకు. ఇక్కడి పీడ గంజాయి, కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు. ఆ మాట వేరే రోజు చెప్పవచ్చు. ఒక్కటి తప్పని తేలితే పిల్లలు మిగతావీ నమ్మరు.

ఫెంటానిల్ లాంటి మందుల ప్రభావాన్ని విరిచే నలోక్సోన్ ముక్కు స్ప్రే గురించి తప్పక చెప్పు. 2023 నుంచి అక్కడ డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మనిషి ఎంత లేపినా లేవకుండా, పెదవులు నీలంగా మారి, గురకలాంటి శబ్దం చేస్తుంటే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి, స్ప్రే కొట్టాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రెండు మూడు నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ కొట్టాలి. పోలీసులు వస్తారని, వీసా పోతుందని మన పిల్లలు జంకుతారు. అక్కడ నీ గొంతు పెంచు. బాబు గురక పెట్టి నిద్రపోతున్నాడనే ఆ రాత్రి గదిలోని పిల్లలు అనుకున్నారు. సభలో వాళ్ల పేర్లు ఎత్తకు బిడ్డా. వాళ్లకు ఎవరు చెప్పారు కనుక?

నాకు అన్నిటికంటే భయం ఒక ప్రశ్నంటే. "మీ అబ్బాయికి అలవాటు ఉందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. లేదని నిజమే చెప్పు, కానీ మావాడు అలాంటివాడు కాదంటూ వాదించకు. నిజంగా అలవాటు ఉన్న పిల్లవాడు అదే హాలులో కూర్చుని ఉంటాడు. వాడి ప్రాణమూ అంతే విలువైనదని నీ నోటి నుంచి వినాలి.

రోజుకు రెండు సభలు ఒప్పుకున్నావని తెలిస్తే ఊరుకోను. బీపీ మాత్ర మరిచి, పొద్దున తినకుండా, ఒక్కదానివే బస్సెక్కి పోయే మొండితనం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. మొదటి సభ ఏ రోజో చెప్పు, నేను వెంట వస్తాను. నువ్వు రాసుకున్న కాగితం ఆదివారంలోగా పంపు, అంకెలు నేను సరిచూస్తాను. బొమ్మలు ఇప్పటికే అచ్చుకు ఇచ్చి ఉంటే ఈరోజే ఆపించు. అడ్వాన్సు పోతే పోనీ, ఆ డబ్బు నేనిస్తాను.

నీ పెద్దబాపు