నీ 42 ప్రశ్నల సంగతి

అమ్మాయీ,

నీ థీసిస్ ప్రశ్నావళి చూశాను. కష్టపడి రాశావు, కాదనను. కానీ దాన్ని ఇలాగే పంచితే విద్యార్థులు సమాచారం ఎలా వెతుక్కుంటారో తెలియదు, నీ ముందు ఎలా కనబడాలనుకుంటున్నారో తెలుస్తుంది. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో "లైబ్రరీకి వారానికి ఎన్నిసార్లు వెళ్తారు?" అని అడిగాను. మూడుసార్లు అని టిక్కు పెట్టిన అబ్బాయే, కాగితం తిరిగిస్తూ, రిఫరెన్స్ సెక్షన్ ఏ అంతస్తులో ఉంటుందని నన్నడిగాడు. అబద్ధమాడాడనుకోను. మంచి విద్యార్థి ఎన్నిసార్లు వెళ్లాలో అది రాశాడు, అంతే.

అందుకే అలవాటు అడగకు, జరిగిందేమిటో అడుగు. "ఈమధ్య ఏ అసైన్‌మెంట్ కోసం వెతికావు? ముందు ఏం టైప్ చేశావు? ఎక్కడ చిక్కుపడ్డావు? అప్పుడు ఎవరిని అడిగావు?" ఇది నా సొంత కనిపెట్టుడేం కాదు. పైలట్ల మీద పనిచేసిన అమెరికా మనస్తత్వవేత్త ఫ్లానగన్ ఈ పద్ధతిని 1954లోనే వివరంగా రాశాడు.

నీ ప్రశ్నల్లో భయం గురించి ఒక్కటీ లేదు. అది నాకు పెద్ద లోటనిపించింది. 1986లో కాన్‌స్టన్స్ మెలన్ అమెరికాలో విద్యార్థుల చేత వాళ్ల వెతుకులాట గురించి రాయించి చదివింది. నూటికి 75 నుంచి 85 మంది లైబ్రరీలో తమ మొదటి అనుభవాన్ని భయంతోనే ముడిపెట్టారు. మిగతావాళ్లందరికీ వెతకడం వచ్చు, రానిది నాకొక్కడికే. అడిగితే ఆ సంగతి బయటపడిపోతుంది. ఇదీ వాళ్ల బాధ. ఇలా నోరు మూసుకున్నవాడు నీ పట్టికలో "లైబ్రేరియన్ సాయం అవసరం లేదు" గడిలో చేరిపోతాడు, చూసుకో.

సమాచారం వెతికేవాళ్లు దాటే దశలంటూ పరిశోధకురాలు కుల్తావ్ చెప్పిన ఆరూ నీకు కంఠతా వచ్చని తెలుసు. వాటిలో మూడోదాని దగ్గర కాస్త ఆగు. టాపిక్ దొరికిందన్న సంబరం నాలుగు పేపర్లు చదివేసరికి ఆవిరైపోయి, అయోమయం పెరిగేది అక్కడే. కాబట్టి ఒక్కొక్కరితో ఒక్కసారే మాట్లాడి ఊరుకోకు. టాపిక్ ఎంచుకున్నప్పుడోసారి, నడిమధ్యలో ఓసారి, సబ్మిట్ చేశాక మరోసారి కలువు. శాంపిల్ తగ్గుతుందని గైడు గొణిగితే గొణగనీ.

చాట్‌బాట్‌ని అడిగానన్నవాళ్లను అక్కడితో వదిలెయ్యకు. అది చూపించిన పేపరు నిజంగా ఉందో లేదో చూశారా, చూస్తే ఎలా చూశారు? నీ థీసిస్‌లో కొత్తదనం ఇక్కడ దొరకొచ్చు. అడిగేటప్పుడు మాత్రం నీ గొంతులో తీర్పు వినబడకూడదు. "ఈ కాలం పిల్లలు బద్ధకస్తులు" అన్న వాక్యం నీ సినాప్సిస్ రెండో పేజీలో ఉంది, కొట్టెయ్. దగ్గరున్నదాన్నే ముందు అందుకోవడం మనిషి నైజం. పేరున్న ప్రొఫెసర్లూ డేటాబేస్ తెరవకముందు పక్క గదిలో మిత్రుణ్ణి అడిగేవాళ్లే. నేనూ అంతే.

ఇప్పటికి ఎనిమిది ప్రశ్నలు ఉంచు. ముగ్గురి అనుమతి తీసుకుని, పక్కన కూర్చుని, వాళ్లు వెతుకుతుంటే చూడు. మధ్యలో సాయం చెయ్యకు, చెయ్యాలని చెయ్యి లాగుతుంది. వాళ్లన్న మాటలు ఉన్నదున్నట్టు రాసి నాకు పంపు. నువ్వు దిద్దిన కాపీ వద్దు.