జనుములో ఎగిరే నారింజ రెక్కల పురుగు, శనక్కాయ చేలో ఎర్ర గొంగళి పురుగు: తల్లీ పిల్లలేనా?

పచ్చిరొట్ట కోసం చల్లిన జనుములో నల్ల చుక్కల నారింజ రెక్కల పురుగులు ఎగురుతున్నాయి, పక్కనే శనక్కాయ చేలో ఎర్ర గొంగళి పురుగులు పాకుతున్నాయి, ఇవి వాటి పిల్లలేనా అని అడిగారు. కాదండీ. రెండూ టైగర్ మాత్ అనే రెక్కల పురుగుల గుంపులోవే, కానీ తల్లులు వేరు.

జనుములోది ఆర్జినా ఆస్ట్రియా. నల్ల చుక్కల చుట్టూ సన్నటి తెల్ల అంచు ఉందేమో చూడండి. దాని పిల్లకి నారింజ తల, నల్లటి ఒంటిమీద తెల్ల చారలు, పలుచగా వెంట్రుకలు ఉంటాయి. జనుము కాయకి కన్నం పెట్టి లోపలి గింజలు తింటుంది. పూతలోనే కలియదున్నేసేవాళ్లకి దీనితో టెన్షన్ లేదు. విత్తనానికి ఉంచుకుంటేనే నష్టం.

శనక్కాయలోది ఆమ్సాక్టా ఆల్బిస్ట్రిగా. మా అనంతపురం వైపు దీన్ని చూడని రైతు ఉండడు. చిత్రమేమిటంటే పిల్ల ఎరుపు గానీ తల్లి రెక్కల్లో ఎరుపు లేదు. ముందు రెక్కలు గోధుమ రంగు, వాటిమీద తెల్ల గీతలు, ముందు అంచున పసుపు. వెనక రెక్కలు తెలుపు, నల్ల మచ్చలతో. అంచు పసుపు కాక ఎరుపైతే అది దీని దాయాది, ఆమ్సాక్టా మూరై.

ఈ ఎర్ర గొంగళి తల్లి ఎవరో నాకు సులువుగా తెలియలేదు. మొదటి ఏడు నాలుగు గొంగళి పురుగుల్ని సీసాలో వేసి రోజూ ఆకులు పెట్టాను. బాగా బలిశాక తినడం మానేసి రాత్రంతా సీసా చుట్టూ తిరిగి తిరిగి చచ్చిపోయాయి. మట్టి వేయాలని నాకు తోచలేదు. మరుసటేడు జానెడు మట్టి వేశాను, చక్కగా అందులోకి దూరాయి. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఏమీ రాలేదు. "ఆ చచ్చిన పురుగుల సీసా ఇంకా ఎందుకురా" అని అమ్మ దాన్ని దిబ్బలో పారబోసింది. నేనూ అడ్డు చెప్పలేదు. అవి చావలేదని, మళ్లీ ఏడు తొలకరి దాకా మట్టిలోనే నిద్రపోతాయని తర్వాత ఒక వ్యవసాయాధికారి చెప్పారు. మూడోసారి సీసాని నీడలో దాచి, బయట పెద్ద వాన పడ్డ రోజున నేనూ మట్టి మీద నీళ్లు చల్లాను. వారం తిరక్కుండానే మూతికి కట్టిన గుడ్డను పట్టుకుని రెండు రెక్కల పురుగులు కనిపించాయి. తొలి వానల తర్వాత పెద్దవాళ్లు రాత్రిపూట చేలో మంటలు ఎందుకు వేసేవారో అప్పుడు అర్థమైంది. తల్లులన్నీ ఒక్కసారే బయటికొస్తాయి. అప్పుడు పట్టకపోతే ఒక్కొక్కటి ఆకుల అడుగున వందల గుడ్లు పెడుతుంది.

అందుకే నేను పురుగు కన్నా ముందు అది తినే మొక్క పేరు అడుగుతాను. ఆ తర్వాత వెనక రెక్క. ఆముదం ఆకు మీద నల్లటి బొచ్చు పురుగుంటే అది చాలావరకు ఒలెపా అనే ఇంకో టైగర్ మాత్ పిల్ల. దాని తల్లి ముడుచుకుని కూర్చుంటే బూడిద రంగు మచ్చల ముద్ద, కదిలిస్తే లోపలి గులాబీ రంగు రెక్కలు బయటపడతాయి. ఇందులో ఒకేలా ఉండే జాతులు చాలా ఉన్నాయి కాబట్టి ఫొటో చూసి ఒలెపా అనే వరకే చెప్పి ఆగడం మంచిది. గిలిగిచ్చ, తేలుమణి మొక్కల దగ్గర పట్టపగలే ఎగిరే చిన్న తెల్లది, ఎర్ర నల్ల చుక్కలది, యుటెథీసా. ఇక్కడా అదే జాగ్రత్త.

వానాకాలంలో వాట్సాప్‌లో తోక నుంచి నాలుగు బొచ్చు గొట్టాలు ఉబ్బించే పురుగు వీడియో వస్తుందే, వేరే గ్రహం నుంచి వచ్చిందని? అది మన క్రియాటోనోటస్ గ్యాంగిస్. మగది ఆడదాన్ని పిలవడానికి ఆ గొట్టాలతో వాసన వదులుతుంది. పిల్లగా ఉన్నప్పుడు కొన్ని మొక్కల్లోని విషం ఎంత తింటే పెద్దయ్యాక ఆ గొట్టాలు అంత పెద్దవి. తిన్న విషం లెక్క అక్కడ కనిపిస్తుందన్నమాట.

అన్నట్టు, టైగర్ మాత్‌ల గుంపు శాస్త్రీయ నామం ఆర్క్టినేకి మూలం ఎలుగుబంటి అనే గ్రీకు మాట, పిల్లల ఒంటిమీది బొచ్చు వల్ల. అదే బొచ్చు చూసి మనవాళ్లకి గొంగళి గుర్తొచ్చింది.

చేత్తో మాత్రం ముట్టుకోకండి, వెంట్రుకలు గుచ్చుకుని దురద పెడతాయి. పుల్లతో ఎక్కించి సీసాలో వేయండి. మళ్లీ ఫొటో పెట్టేటప్పుడు అది కూర్చున్న కొమ్మ, ఆకు కూడా పడేలా తీయండి.