మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాస్తానన్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు ఫోన్ చేసి చెప్పిన దగ్గర్నుంచీ మనసంతా ఆ మాట మీదే ఉంది. మన క్లబ్బు చరిత్ర పుస్తకంగా వేస్తానన్నావు, సంక్రాంతి టోర్నమెంటు రోజున అందరికీ పంచుదామన్నావు, వినగానే ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నా. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందుగా, క్లబ్బు ఎవరు పెట్టారు, ఏ సంవత్సరంలో పెట్టారు అన్న ప్రశ్నతో బయల్దేరకు. పెద్దవీధిలో అడిగితే ఒక పేరు చెబుతారు, చెరువు గట్టు వైపు అడిగితే ఇంకో పేరు చెబుతారు, మూడో రోజుకి అది గొడవ కింద మారి నీకు ఎవరూ ఏమీ చెప్పకుండా పోతారు. నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు చెప్పేది బంతి కొన్నవాడి పేరు, ఇంకొకరు చెప్పేది కుర్రాళ్లని పోగుచేసి మడిలోకి దింపినవాడి పేరు. రెండూ రాసుకో, తీర్పు తర్వాత చూద్దువు గాని.

మా నాన్న చెప్పేవాడు, మన ఊరి మనిషొకడు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని చేస్తూ సెలవులకి వస్తూ ట్రంకు పెట్టెలో గాలి తీసేసిన బంతి పెట్టుకొచ్చాడని. నమ్మదగ్గ మాటే. మన వైపు నుంచి ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఎన్ని లేవు! అక్కడి నుంచి కలకత్తా రెండు మూడు గంటల రైలు, కలకత్తాలో ఈ ఆటంటే ప్రాణం, 1911లో మోహన్ బగాన్ జట్టు ఒక్కడు తప్ప మిగతా అందరూ ఉత్తికాళ్లతో ఆడి ఇంగ్లీషు సైనికుల జట్టుని 2-1తో ఓడించి షీల్డు పట్టుకుపోయిన ఊరది. ఆ గాలి మన దాకా రైలెక్కి వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు. అయినా సరే అది నేను విన్న మాట, చూసింది కాదు. విన్నదాన్ని విన్నట్టుగానే రాయి, "అని చెప్పుకుంటారు" అన్న ఒక్క మాట చేర్చడానికి బద్ధకించకు.

సంవత్సరాల సంగతి. పెద్దవాళ్లకి అంకెలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. తాలూకా షీల్డు మనం ఎప్పుడు గెలిచాం అని ఆ రోజు ఆడినవాళ్లనే ముగ్గుర్ని అడిగాను నేను. ఒకాయన 1979 అన్నాడు, ఒకాయన 1981, ఇంకొకాయన 1985 అని ఒట్టేసి చెప్పాడు. షీల్డు మీద సంవత్సరం ఉన్న ఇత్తడి రేకు మేకులతో సహా ఎప్పుడో ఊడిపోయింది. చివరికి తేల్చింది ఎవరో తెలుసా, అప్పటి గోల్ కీపర్ భార్య. "రామారావు గెలిచిన సంకురాత్రి బాబూ అది, ఊళ్లో ఇంకా పసుపు జెండాలే ఉండీవి, పదకొండు మందీ మా అరుగు మీదే కూకున్నారు, నాను దాచిన అరిసెల డబ్బా ఆ పూటే ఖాళీ" అంది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 1983 జనవరి 9న, వారం తిరక్కుండా సంక్రాంతి. ఇంక వేరే సాక్ష్యం ఏం కావాలి? ఆవిడ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు, కానీ అరిసెలు ఎప్పుడు అయిపోయాయో ఆవిడకి తెలుసు. అందుకే చెబుతున్నా, ఆడినవాళ్లని అడిగాక ఇంట్లో ఆడవాళ్లని విడిగా కూర్చుని అడుగు. బురద బట్టలు ఉతికింది వాళ్లు, బొటనవేలు గోరు ఊడొస్తే పసుపు పెట్టి కట్టింది వాళ్లు.

"ఎన్నో సంవత్సరం?" అని అడక్కు. హుద్‌హుద్ తుఫానుకి ముందా తర్వాతా, ఇందిరా గాంధీ పోయిన ఏడా, ఆ ఏడు మీ పెద్దాడు ఏ క్లాసు, ఇలా అడుగు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, ఇందిరా గాంధీ 1984 అక్టోబరు 31, వీటికి తేదీలు ఉన్నాయి కదా, వాటి పక్కన మన సంగతి కట్టేస్తే అది ఇంక కదలదు.

వస్తువులు కూడా మాట్లాడతాయి, చూసే కన్ను ఉండాలి. కప్పు మీద "తాలూకా" అని చెక్కి ఉంటే అది దాదాపుగా 1985కి ముందుది, ఆ ఏడే కదా మండలాలు వచ్చాయి. చందాల పుస్తకంలో అణాలు కనబడితే 1957 ఏప్రిల్లో నయా పైసలు వచ్చిన రోజులకి అటో ఇటో అన్నమాట. పక్క ఊరి క్లబ్బు నుంచి వచ్చిన కార్డు మీద పిన్ కోడు ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతే రాసింది. జిల్లా పేరు దగ్గర మాత్రం బాగా జాగ్రత్తగా ఉండు. మన రాజాం వైపు ఊళ్లు 1950 ఆగస్టు 15 దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత శ్రీకాకుళం, 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం. ఊరు అంగుళం జరగలేదు, జిల్లాలు మూడు మారాయి. బొబ్బిలి, పార్వతీపురం కూడా 1979 జూన్ దాకా శ్రీకాకుళం జిల్లాలోవే, కాబట్టి "జిల్లా ఫైనల్లో బొబ్బిలి జట్టుతో ఆడాం" అని ఎవరైనా అంటే తప్పు చెప్పాడనుకుని కొట్టిపారెయ్యకు. అలాగే 1970లోనే ఈనాడులో మా ఫొటో పడిందని ఒకాయన గట్టిగా అంటాడు. ఆ పేపరు విశాఖలో మొదలైందే 1974 ఆగస్టులో. ఆయన్ని అందరి ముందూ ఖండించకు, పడిన పేపరు వేరేది కావచ్చు, ఏడు వేరేది కావచ్చు, మెల్లగా ఇంట్లో కటింగ్ ఉందేమో అడుగు.

ఆడినవాళ్లు "నేను రైట్ అవుట్, వాడు లెఫ్ట్ ఇన్" అంటారు, నీకు అర్థం కాకపోవచ్చు. అప్పట్లో ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫులు, అయిదుగురు ఫార్వర్డులు. ఆ అయిదుగురిలో కుడి చివర ఆడేవాడు రైట్ అవుట్, ఎడమ వైపు కాస్త లోపలికి ఆడేవాడు లెఫ్ట్ ఇన్. ఆ మాటల్ని ఇప్పటి మిడ్‌ఫీల్డరు, వింగరు కింద మార్చెయ్యకు, వాళ్ల మాటల్లోనే ఉంచు.

దేశం ఫుట్‌బాల్ చరిత్రంతా మన పుస్తకంలో కుక్కొద్దు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్ రహీం గారు, ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. మన ఊరికి తగిలిన చోట మాత్రం వదలకు. 1986 జూన్‌లో టీవీలో మారడోనాని చూసిన మర్నాడు మన కుర్రాళ్లు బనియన్ల వెనక పెయింటుతో 10 అంకె వేసుకున్నారు, ఒకే జట్టులో ముగ్గురు పదో నంబరు వాళ్లు! ఆ ఫొటో మీ చిన్నాన్న దగ్గర ఉండాలి. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకు, బొమ్మ చిరుగుతుంది, అద్దంతోనే కిటికీ దగ్గర పెట్టి ఫ్లాష్ లేకుండా ఫోన్లో తియ్యి. పేర్లు వెనకాల బాల్ పెన్నుతో రాయకు, వేరే కాగితం మీద ఎడమ నుంచి కుడికి రాసుకో.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం.

క్లబ్బుకి పాతికేళ్లు నిండినప్పుడు ఒక సావనీరు వేశాం, గుర్తుందో లేదో, నువ్వు చిన్నవాడివి. రాసింది నేనే. ప్రెసిడెంట్ల ఫొటోలు, చందా ఇచ్చినవాళ్ల పేర్లు, కెప్టెన్లు, కప్పులు, అన్నీ పెట్టాను. బంతి కుట్టిన తాత పేరు పెట్టలేదు.

ఆ రోజుల్లో బంతంటే తోలు బంతి, లోపల రబ్బరు బ్లాడర్. వరి కోసిన మళ్లలో ఆడేవాళ్లం, దుబ్బులకి గీసుకుని, గట్టు పక్క తుమ్మముళ్లకి తగిలి వారానికోసారైనా కుట్లు విడిపోయేవి. ఆదివారం మ్యాచ్ అంటే శనివారం సాయంత్రం బంతి ఆ తాత ముంగిట్లో ఉండేది. బంతిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దారానికి మైనం పట్టించి, రెండు సూదులు ఒకే బెజ్జంలోంచి ఎదురెదురుగా దూర్చి లాగేవాడు. లాగినప్పుడల్లా తోలు కిర్రుమనేది. బ్లాడర్ మూతి మడిచి దారంతో కట్టి లోపలికి తోసి, పైన లేసు బిగించేవాడు, ఆ లేసు ముడి పైకి తేలితే హెడ్ చేసినవాడి నుదురు చీరుకుపోతుందని వేలితో రెండుమూడుసార్లు తడిమి చూసేవాడు. ఆముదం రాసి చేతికిచ్చేవాడు. డబ్బులు ఎప్పుడో ఇచ్చేవాళ్లం, ఒక్కోసారి ఇచ్చేవాళ్లమే కాదు. ఆయన కొడుకు మన జట్టులో బ్యాక్ ఆడాడు, అంత గట్టి బ్యాక్ మళ్లీ రాలేదు. హాఫ్ టైములో మేమంతా ఒక బిందెలో నీళ్లు తాగితే అతనికి దోసిట్లో పోసేవాళ్లు. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను, ఏమీ అనలేదు.

సావనీరు పంచిన రోజున ఆ తాత మనవడు ఒక కాపీ తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి పేర్లు చూసుకుంటూ పోయాడు. మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి చూశాడు. మూసేసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లైనా అది నా కళ్లలో నుంచి పోలేదురా.

అందుకని నీ పుస్తకంలో బంతి కుట్టిన మనిషికి ఒక పేజీ ఉండాలి. వెదురు గెడలు నరికిచ్చినవాడు, సున్నం గీతలు గీసినవాడు, మడి ఆడుకోవడానికి వదిలిన రైతు, వీళ్లు కూడా. నీళ్ల సంగతి కూడా రాయాలి. కొందరు పెద్దలు "ఇప్పుడవన్నీ ఎందుకు" అంటారు. మావయ్య రాయమన్నాడని చెప్పు, నా పేరుతోనే రాయి, నేను నిలబడతాను. అయితే ముందు ఆ కుటుంబాన్ని అడుగు, వాళ్లు ఎంతవరకు చెప్పుకోవాలనుకుంటే అంతవరకే.

జట్టు ఎందుకు చితికిపోయిందో రాయకుండా కప్పుల దగ్గర ఆపెయ్యకు. గొడవలు ఒక కారణం, చందా లెక్కల మీద రెండు వర్గాలైన మాట నిజమే, ఇద్దరి మాటా వేసేయి. కానీ అంతకన్నా పెద్ద కారణం వలస. పద్దెనిమిది నిండిన కుర్రాడు పండక్కి ఉండి కనుమ వెళ్లగానే మద్రాసో, హైదరాబాదో, పోర్ట్ బ్లెయిరో రైలు, ఓడ ఎక్కేస్తే ఇంక ఫిబ్రవరిలో పదకొండు మంది ఎక్కడి నుంచి వస్తారు? అందుకే మన టోర్నమెంటు సంక్రాంతికే. బయట ఉన్నవాళ్లకి ఫోన్ చెయ్యి, వీడియో కాల్‌లో గ్రౌండు చూపిస్తూ అడుగు, వాళ్లకి అన్నీ గుర్తొస్తాయి. మనం ఓడించిన ఊళ్లకి కూడా వెళ్లు. ఆ 1983 ఫైనల్లో రెండో గోల్ హ్యాండ్ అని, అంటే బంతికి చెయ్యి తగిలిందని, వాళ్లు ఇప్పటికీ అంటారు, ఆ మాట కూడా మన పుస్తకంలో ఉండనీ.

అడగడానికి వెళ్లినప్పుడు మొదటిరోజే ఫోన్ రికార్డింగ్ పెట్టకు, భయపడతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లు, పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టి ఊరుకో, వాళ్లే మొదలుపెడతారు. రెండోసారి వెళ్లినప్పుడు అడిగి రికార్డు చెయ్యి. రాసింది వాళ్లకి చదివి వినిపించాకే ప్రెస్సుకి ఇవ్వు.

గోల్ కీపర్ భార్యకి ఈమధ్య ఒంట్లో బాగోడం లేదు, చూపు కూడా తగ్గింది, ముందు ఆవిడ దగ్గరికే వెళ్లు, ఈ ఆదివారమే. తర్వాత తాత మనవడి దగ్గరికి. ఇప్పుడు రాజాంలో ఉంటున్నాడు, ఇల్లు నాకు తెలుసు. ఒక్కడివే వెళ్లకు, నేను కూడా వస్తాను, నాకు అతనితో మాట్లాడాల్సింది ఉంది. చందాల పుస్తకాలు రెండూ, ఆ రేకు ఊడిపోయిన షీల్డూ మా అటక మీద ఇనప్పెట్టెలో ఉన్నాయి, దింపి తుడిచి ఉంచుతాను.

ఉంటాను,
మీ మావయ్య