టోనర్ ఒలికినందుకు పని మానేయాలా?

పరకాల నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ల అబ్బాయి ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్ పూర్తి చేశాడు. ఏడు నెలలుగా హనుమకొండలో జిరాక్స్ మెషీన్లు బాగుచేసే ఒక సర్వీసు సెంటర్‌లో పనిచేస్తున్నాడు. పోయిన నెల ఒక షాపులో వేస్ట్ టోనర్ డబ్బా తీస్తుండగా చేయి జారి నల్లపొడి అంతా ఒలికింది. కౌంటర్ మీద ఎవరో పెట్టిన సర్టిఫికెట్ల మీద కూడా పడింది. షాపాయన గిరాకీల ముందే తిట్టాడు. సర్వీసు సెంటర్ ఓనర్ జీతంలో పదిహేను వందలు కోశాడు. అప్పటినుంచి అబ్బాయి పనికి పోనంటున్నాడు. "మా తమ్ముడేమో హైదరాబాద్ పంపి ఏదన్నా కంప్యూటర్ కోర్సు చేయించమంటున్నాడు. అసలు ఈ లైన్‌లో ముందు ముందు బతుకుదెరువు ఉంటుందా సార్? ఆ రోజు వేసుకున్న చొక్కా మరిగే నీళ్లలో సర్ఫు వేసి నానబెట్టినా మరక పోలేదు. దాన్ని చూస్తేనే వాడు మొహం తిప్పుకుంటున్నాడు" అని ఆమె బాధ.

అమ్మా, కెరీర్ సలహాలు చెప్పే పనిలోకి రాకముందు ఆరేళ్లు నేను చేసింది ఈ పనే. బ్యాగు భుజానికి వేసుకుని హనుమకొండ చౌరస్తా నుంచి నర్సంపేట దాకా, జనగామ దాకా బస్సుల్లో తిరిగి మెషీన్లు బాగుచేశాను. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే మీ అబ్బాయి ఎలా నిలబడి ఉంటాడో నాకు కళ్లకు కట్టింది.

నాకూ అచ్చంగా ఇలాగే జరిగింది. పనిలో చేరిన మూడో నెల. యూనివర్సిటీ దగ్గర ఒక జిరాక్స్ షాపు, పరీక్షల సీజన్, బయట పిల్లలు లైను కట్టి ఉన్నారు. తొందరలో డబ్బాకు మూత పెట్టకుండానే పక్కకు వంచాను. తెల్లటి టైల్స్ మీద నల్లటి పొడి. భయంతో నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. తడిబట్ట తెచ్చి తుడిచాను. పిడికెడు పొడి గది అంతా పాకింది. షాపాయన అన్న మాటలు ఇక్కడ రాయలేను. మా సీనియర్ వచ్చాక నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బ్యాగులోంచి మెత్తటి పెయింట్ బ్రష్ తీసి, పొడిని మెల్లగా పాత పేపర్ మీదికి ఎత్తి, ఆ తర్వాత చన్నీళ్లతో తుడిచి, షాపాయనకు తానే సారీ చెప్పాడు. తిరిగి బస్సులో వస్తూ, టోనర్ అంటే ఏమిటో అరగంట చెప్పాడు. ఆ అరగంట మీ అబ్బాయికి ఇంకా ఎవరూ ఇచ్చినట్టు లేదు.

మనం షాపుల్లో దాన్ని పౌడర్ అంటాం, కొందరు ఇంకు అంటారు. అది ఇంకు కాదు. రంగు కలిపిన ప్లాస్టిక్‌ను అతి సన్నగా పొడి చేస్తే వచ్చేది టోనర్. ఒక్కో రేణువు దాదాపు 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది, అంటే వెంట్రుక మందంలో పదో వంతు. మెషీన్ లోపల తిరిగే డ్రమ్ అనే గుండ్రటి గొట్టం మీద అక్షరం ఉన్నచోట మాత్రమే స్థిర విద్యుత్తు ఈ పొడిని పట్టుకుంటుంది. అక్కడినుంచి కాగితం మీదికి వస్తుంది. చివర్లో ఫ్యూజర్ దాన్ని వేడితో కరిగించి కాగితానికి అతికిస్తుంది. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లో చెస్టర్ కార్ల్‌సన్ తీసిన మొట్టమొదటి కాపీ కూడా ఇంతే. గంధకం పూసిన జింకు పలక మీద పొడి చల్లి, మైనపు కాగితం మీదికి అద్ది, వేడి చేశాడు.

ఇది తెలిస్తే ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది. వేడి తగిలితే అతుక్కుంటుంది కాబట్టి వేడినీళ్లు వద్దు. సన్నటి పొడి కాబట్టి నోటితో ఊదొద్దు, మాస్కు ఉండాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. దాని సంచిలోంచి పొడి వెనక నుంచి బయటికి వస్తుంది, స్థిర విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టే ప్రమాదం కూడా ఉంది. టోనర్‌కు సన్నటి ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వేరే ఉంటుంది. ఇక ఆ సర్టిఫికెట్ల సంగతి. వేడి తగలని టోనర్ కాగితం మీద దుమ్ములా ఉంటుంది. చేత్తో రుద్దకుండా, తడి చేయకుండా, పొడి బ్రష్‌తో దులిపితే చాలావరకు పోతుంది. మీ అబ్బాయి వాటిని రుద్దకపోతే పెద్ద నష్టం జరిగి ఉండదు.

జీతం కోసిన విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏడు నెలల పిల్లవాణ్ని ఒంటరిగా, సరైన వాక్యూమ్ ఇవ్వకుండా పంపితే, ఒలికినదానిలో సగం బాధ్యత ఓనర్‌ది. ఏ లెక్కన కోశారో మర్యాదగా అడగాలి. గొడవ వద్దు, కానీ అడగకుండా ఉండొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అబ్బాయిని కుంగదీసింది పొడి కాదమ్మా, మనిషి కోపం. ఈ పనిలో మెషీన్ నేర్చుకోవడానికి ఒక ఏడాది పడుతుంది. కస్టమర్‌ను అర్థం చేసుకోవడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. షాపాయనకు మెషీన్ ఆగిందంటే ఆ రోజు సంపాదన ఆగినట్టు. ఆ టెన్షన్ అంతా ఎదురుగా నిలబడ్డ పిల్లవాడి మీద పడుతుంది. అది తనమీద కోపం కాదని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఒకసారి ఒక ఆఫీసులో కాపీ మీద పైనుంచి కిందికి నల్ల గీత వస్తోందన్నారు. నేను గంటసేపు డ్రమ్ విప్పి, బ్లేడు విప్పి కూర్చున్నాను. చివరికి చూస్తే, కాగితాలు వరుసగా లాక్కునే ఫీడర్ కింద ఉన్న సన్నటి గాజుపట్టీ మీద ఆవగింజంత వైట్‌నర్ చుక్క. "గీత గ్లాస్ మీద పెట్టినప్పుడు వస్తోందా, పైనుంచి వేసినప్పుడా?" అని ముందే అడిగి ఉంటే ఐదు నిమిషాల పని. అప్పటినుంచి స్క్రూడ్రైవర్ తీసేముందు అడగడం అలవాటైంది. వానాకాలంలో ఊరికే పేపర్ ఇరుక్కుంటోందని ఫోన్ వస్తే, కాగితం కట్టలు ఎక్కడ పెట్టారో అడుగుతాం. నేలమీద, విప్పి పెట్టి ఉంటాయి, తేమ పీల్చుకుని ఉంటాయి. ఎవరో మామూలు ప్లాస్టిక్ షీటు వేస్తే అది ఫ్యూజర్‌లో కరిగి చుట్టుకుంటుంది. వేశారా అని గద్దిస్తే ఎవరూ ఒప్పుకోరు. మెల్లగా అడిగితే చెబుతారు.

నాకు ఈ పని మీద గౌరవం తెచ్చిన చిన్న లెక్క ఒకటుంది. కాపీ మీద ఒకే మచ్చ మళ్లీ మళ్లీ వస్తుంటే స్కేలుతో దూరం కొలుస్తాం. 94 మిల్లీమీటర్లకొకటి వస్తే, 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ ఒక చుట్టు తిరిగినట్టు. అంటే గీత పడింది డ్రమ్ మీదే. మెషీన్ విప్పకుండానే రోగం దొరికింది. బడిలో వృత్తానికి చదివిన పై (π) లెక్క అది. అది పట్టుకున్న రోజు షాపాయన నన్ను మొదటిసారి "కూర్చో బాబూ" అన్నాడు, చాయ్ తెప్పించాడు.

ఇక ముందు ముందు ఈ లైన్ ఉంటుందా అంటే, ఉత్త కాపీల మీదే బతికే చిన్న షాపులు తగ్గొచ్చు. ఫోన్లో పీడీఎఫ్ పంపుకుంటున్నాం కదా. కానీ కోర్టులు, ఆస్పత్రులు, కాలేజీలు, మీసేవ సెంటర్లు ప్రింట్ లేకుండా నడవడం లేదు. మెషీన్ మారింది. ఇప్పుడు అదే ప్రింటర్, అదే స్కానర్, నెట్‌వర్క్‌కు కలిసి ఉంటుంది. కాబట్టి అబ్బాయి నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలి. మెషీన్‌కు నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రస్ ఇవ్వడం, కంప్యూటర్‌లో ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, స్కాన్ చేసింది నేరుగా కంప్యూటర్ ఫోల్డర్‌లోకి వెళ్లేలా సెట్ చేయడం. మీ తమ్ముడు చెప్పిన కంప్యూటర్ కోర్సు ఇక్కడ పనికొస్తుంది. పని మాన్పించి పేరు తెలియని కోర్సుకు పంపే బదులు, సాయంత్రాలు హనుమకొండలోనే బేసిక్ నెట్‌వర్కింగ్ చేయించండి.

చదువు దారి కూడా మూసుకుపోలేదు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరానికి వెళ్లొచ్చు. పెద్ద కంపెనీల్లో అప్రెంటిస్‌షిప్ కోసం కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. అక్కడ స్టైపెండ్ ఉంటుంది, నేర్పడం వాళ్ల బాధ్యత. కానీ అవి దొరికేదాకా ఉన్న పని వదలొద్దని నా మాట. కనీసం ఏడాది నిండనివ్వండి.

ఏడాది నిండాక కూడా వాడికి ఈ పని నచ్చకపోతే మాన్పించండి, నేనేమీ అనను. తిట్లకు భయపడి మానేస్తే మాత్రం తర్వాత ఏ పనిలో చేరినా మొదటి తిట్టు దగ్గరే ఆగిపోతాడని నా భయం.

సోమవారం అబ్బాయిని ఆ షాపుకే వెళ్లమనండి. సీనియర్ ఎవరైనా తోడు వస్తే మంచిది. "అన్నా, ఆ రోజు నా వల్ల ఇబ్బంది అయింది, మెషీన్ ఎట్లా నడుస్తుందో చూద్దామని వచ్చిన" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. బ్యాగులో రెండంగుళాల మెత్తటి బ్రష్, పాత పేపర్లు, మాస్కు, చేతి తొడుగులు పెట్టి పంపండి.

ఆ చొక్కా మరక ఇక పోదమ్మా, వేడికి నూలులోకి పట్టేసింది. ఇంకోసారి పడితే ముందు ఆరుబయట గట్టిగా దులపండి, తర్వాత చన్నీళ్లు. సోమవారానికి ముదురు రంగు చొక్కా ఒకటి ఇవ్వండి. మేమంతా అవే వేసుకునేవాళ్లం.