ఏక్యూఐ 90 దాటకపోయినా ఛాతీ ఎందుకు పట్టేస్తోంది?

ప్రశ్న: నా వయసు 44. సిగరెట్ అలవాటు లేదు. రోజూ సాయంత్రం నాలుగున్నరకు అరగంట పరుగెత్తుతాను. ఎండలు ముదిరినప్పటి నుంచి పరుగు అయ్యాక పొడి దగ్గు వస్తోంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 90 దాటడం లేదు. ఎన్‌95 మాస్క్ పెట్టుకుంటున్నాను, పడకగదిలో ఎయిర్ ప్యూరిఫయర్ కూడా ఉంది. అయినా తగ్గడం లేదు. ఎందుకు?

జవాబు: ముందు గుండె సంగతి తేల్చుకోండి. ఈ వయసులో శ్రమపడినప్పుడు ఛాతీ పట్టేస్తోందంటే నేరుగా కాలుష్యం మీదికి నెట్టేయకూడదు. ఈసీజీ, డాక్టర్ అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. ఫలితం వచ్చేదాకా పరుగు ఆపండి.

ఇక గాలి విషయం. ఏక్యూఐ అనేది గాలిలో ఉన్నవన్నీ కూడి చెప్పే లెక్క కాదు. సాధారణంగా ఒక్కో కాలుష్యకానికి విడిగా సూచీ కట్టి, వాటిలో ఏది పెద్దదైతే దాన్నే చూపిస్తారు. పీఎం2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి ధూళి రేణువులు) సూచీ 90 ఉండి మిగతావన్నీ 20 దగ్గరున్న రోజు 90 అనే కనిపిస్తుంది. పీఎం2.5 90, ఓజోన్ 85, నైట్రోజన్ డయాక్సైడ్ 80 ఉన్న రోజు కూడా అదే 90. ఊపిరితిత్తులకు మాత్రం ఈ రెండు రోజులూ ఒకటి కావు.

ఎందుకంటే ఇవి ఒకదానికొకటి దారి తీసి పెడతాయి. సల్ఫర్ డయాక్సైడ్ నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి, ముక్కుతో నెమ్మదిగా పీలిస్తే చాలావరకు ముక్కు తడిలోనే ఆగిపోతుంది. పరుగులో నోటితో పీలుస్తాం, ఆ కాపలా తప్పిపోతుంది. సన్నటి ధూళి రేణువులకు అంటుకుంటే ఇంకా లోతుకు పోతుంది. ఓజోన్ నీటిలో అంతగా కరగదు, సన్నటి శ్వాసనాళాల దాకా దిగుతుంది. అక్కడ లోపలి పొరలో కణాల మధ్య అతుకులను వదులు చేస్తుంది. ఆ సందుల్లోంచి పుప్పొడి లాంటి అలర్జీ కారకాలు సులువుగా లోపలికి వెళ్తాయి. పీఎం2.5 రేణువుల మీద ఉండే ఇనుము, రాగి వాపును మరింత పెంచుతాయి. వచ్చిన చెత్తను మింగేయాల్సిన రక్షక కణాలను నైట్రోజన్ డయాక్సైడ్ నీరసపరుస్తుంది. దానికి తోడు, కూర్చున్నప్పుడు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలిస్తే, గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 50 లీటర్లు దాటుతుంది.

మీరు ఎంచుకున్న వేళ కూడా సరైంది కాదు. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లు, పెట్రోలు, పెయింట్ల లాంటి వాటి ఆవిర్లు ఎండలో కలిసి ఓజోన్ తయారవుతుంది. అందుకే ఎండాకాలంలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అది ఎక్కువ. రోడ్డుకు దూరంగా పార్కుకు వెళితే పొగ తగ్గుతుంది గానీ ఓజోన్ తగ్గదు, ఒక్కోసారి అక్కడే ఎక్కువ ఉంటుంది. ఎండాకాలంలో తెల్లవారుజామున పరుగెత్తండి. చలికాలంలో గాలి కదలక ఆ వేళకే ధూళి పేరుకుంటుంది, అప్పుడు వేళ మార్చుకోవాలి. యాప్‌లో మొత్తం అంకెను కాదు, విడి విలువలను చూడండి. ఎనిమిది గంటల సగటు ఓజోన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు.

ఎన్‌95 మాస్క్ ఆపేది రేణువులను. ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ వాయువులు కదా, అందులోంచి దూరిపోతాయి. కళ్లజోడు మసకబారుతుంటే పైఅంచు నుంచి గాలి జారుతున్నట్టే, అప్పుడు రేణువులు కూడా ఆగవు. ప్యూరిఫయర్‌లో రేణువులను పట్టే హెపా ఫిల్టర్ కథా అదే. వాయువులకు యాక్టివేటెడ్ కార్బన్ పొర కావాలి, అది నిండిపోగానే మార్చాలి. మీ దానిలో అయొనైజర్ (గాలిలోకి విద్యుదావేశం వదిలే భాగం) మీట ఉంటే ఆపేయండి, కొన్ని రకాలు స్వయంగా ఓజోన్ వదులుతాయి. 12 చదరపు మీటర్ల గదికి, 3 మీటర్ల ఎత్తుకు, గంటకు ఐదుసార్లు గాలి శుభ్రం కావాలంటే సీఏడీఆర్ (ప్యూరిఫయర్ ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె) గంటకు 180 ఘనపు మీటర్లు ఉండాలి.

గుండె బాగుందని తేలాక స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేయించుకోండి. మీ లక్షణాలు దాగి ఉన్న ఆస్తమావి కావచ్చు. పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదని కాదు. పీక్ ఫ్లో మీటర్‌తో (గాలిని ఎంత వేగంగా ఊదగలరో చూపే చిన్న పరికరం) రెండు వారాలు ఉదయం, సాయంత్రం కొలవండి. నిలబడి, నిండా గాలి పీల్చి, పెదవులు బిగించి ఒక్కసారిగా గట్టిగా ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోండి. ఉదయం 390, సాయంత్రం 450 వచ్చిందనుకుందాం. తేడా 60, సగటు 420, అంటే 14 శాతం. రోజూ ఇలా లెక్కగట్టిన తేడాల సగటు 10 శాతం దాటితే ఆస్తమా అనుమానం బలపడుతుంది. అప్పుడు వాపు తగ్గించే ఇన్‌హేలర్ అవసరం పడుతుంది. దగ్గు మందు, యాంటీబయాటిక్ సొంతంగా కొని వాడకండి.

రక్తపోటుకు మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు డాక్టర్‌కు చెప్పండి, రామిప్రిల్ లాంటి వాటితోనూ పొడి దగ్గు వస్తుంది. కఫంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.