ట్రైల్ పర్మిషన్ రావట్లేదా? ముందు మెయింటెనెన్స్ కాగితం చూసుకోండి

కొండ మీద సైకిల్ తొక్కడానికి కొత్త ట్రైల్ (మట్టి దారి) కడతామని రెండుసార్లు మ్యాప్ పెట్టినా అప్లికేషన్ వెనక్కొచ్చిందన్నారు కదా, తప్పు మ్యాప్‌లో కాకపోవచ్చు, కట్టాక ట్రైల్‌ని ఎవరు చూసుకుంటారో మీరు రాయలేదు. ఆ భూమి చూసే ఆఫీసర్‌కి కొత్త ట్రైల్ అంటే ముందు గుర్తొచ్చేది మట్టి కోత, ఎవరైనా పడితే బాధ్యత ఎవరిదన్న భయం, అది న్యాయమైన భయమే.

1. ఒక్కరి పేరు మీద కాకుండా క్లబ్ పేరు మీద అప్లై చేయండి.

2. మెయింటెనెన్స్ ఒప్పందం డ్రాఫ్ట్ మీరే రాసి జత చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. ఏడాదికి ఎన్నిసార్లు పని చేస్తారు, పెద్ద వాన పడ్డాక ఎవరు వెళ్లి చూస్తారు, చెట్టు అడ్డంగా పడితే ఎవరు తీస్తారు, ట్రైల్ మూయాల్సొస్తే బోర్డు ఎవరు పెడతారు, ఇన్సూరెన్స్ ఎవరిది, అన్నీ పేర్లతో సహా రాయండి, "మేం చూసుకుంటాం" అని ఒక్క లైన్ రాస్తే సరిపోదు.

3. ఆఫీసర్‌ని అడిగి, ట్రైల్ వెళ్లే దారి పొడవునా గుర్తుగా రిబ్బన్లు కట్టి, ఆ లైన్ మీద ఆయనతో కలిసి నడవండి. వాగు దగ్గర వద్దంటే అక్కడే మార్చేయండి.

4. ట్రైల్ వాలు ఆ కొండ పక్క వాలులో సగం దాటకూడదు, మొత్తం మీద సగటు 10 శాతం లోపు ఉండాలి, మధ్యమధ్యలో నీళ్లు పక్కకి జారిపోయేలా చిన్న ఎత్తుపల్లాలు పెట్టాలి. ఇవి డ్రాయింగ్‌లో చూపించండి.

రాతపూర్వకంగా పర్మిషన్ చేతికొచ్చేదాకా మాత్రం పార ముట్టుకోవద్దు, దొంగచాటుగా తవ్విన ఒక్క జంప్ (సైకిల్‌తో ఎగరడానికి వేసే మట్టి దిబ్బ) వల్ల ఉన్న ట్రైల్స్ కూడా మూసేసే ప్రమాదం ఉంది.