పాత క్లారినెట్ చెక్కదా, ప్లాస్టిక్‌దా? ముందు వాసన చూడండి

మీ అబ్బాయి స్కూల్ బ్యాండ్ కోసం పాత క్లారినెట్ కొన్నామని, అది ఏ కంపెనీదో, చెక్కో ప్లాస్టిక్కో తెలియడం లేదని అడిగారు. సరిగ్గా ఇదే టెన్షన్ మేమూ పడ్డాం.

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఆరో తరగతిలో బ్యాండ్‌లో చేరింది. షాపులో నెలనెలా అద్దె అన్నారు. కూడితే రెండు మూడేళ్లలో మంచి వాయిద్యమే వచ్చేస్తుంది, అయినా తల్లిదండ్రులందరూ నోరెత్తకుండా కడుతూనే ఉంటారు. నాకు మనసొప్పక గరాజ్ సేల్‌లో 60 డాలర్లకు ఒకటి తెచ్చాను. అమ్మినావిడ అసలైన చెక్క అంది. రిపేరు షాపతను బెల్ మీద, అంటే కింద గంటలా విచ్చుకున్న కొస మీద, బండీ అన్న పేరు చూసి, చేతిలోకైనా తీసుకోకుండా ప్లాస్టిక్ అనేశాడు.

ఇద్దరూ పొరబడ్డారు. ఆ రాత్రి తుడుస్తూ కూర్చుంటే పై జాయింట్, అంటే గొట్టంలో పై సగం, ఒంటి రంగు పాచి పట్టినట్టు ఆకుపచ్చ, గోధుమ మధ్యలో ఉంది. ఒక మీట విప్పి చూస్తే దాని నీడ పడినంత మేర మాత్రం కాటుకలా నల్లగా ఉంది. బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధకం వాసన! మా తాతయ్య రాజమండ్రి రత్నం పెన్ను వాసన. ఆయన వేళ్లు పట్టుకునే చోట ఆ పెన్ను కూడా ఇలాగే రంగు వెలిసి ఉండేది. రెండూ ఎబొనైట్, అంటే గట్టి రబ్బరు. వెలుతురుకి రంగు మారేది అదే. వేడి నీళ్లతో మాత్రం కడగకండి, ఇంకా పచ్చబడుతుంది.

వాసన రాకపోతే టార్చి వేసి గొట్టం లోపల, జాయింట్ కొసల్లో చూడండి. చెక్కయితే నిలువుగా సన్నని నార గీతలుంటాయి. ప్లాస్టిక్ అంతా ఒకే నునుపు. నీళ్లలో వేసి చూడమనే వాళ్ల మాట వినొద్దు. చెక్క తేలుతుందనుకుంటారు గానీ, టాంజానియా, మొజాంబిక్‌ల నుంచి వచ్చే క్లారినెట్ల నల్ల చెక్క నీళ్లలో మునుగుతుంది. కాల్చిన సూది గుచ్చి చూడమనే వాళ్లని తలచుకుంటే నాకు కోపం వస్తుంది. పిల్లలు వాయించే వస్తువుకి చిల్లు పెడతారా?

కంపెనీ విషయంలో ఒక్క బెల్‌నే నమ్మకండి. బ్యారెల్ (పై జాయింట్‌కి పైన ఉండే పొట్టి ముక్క), రెండు జాయింట్లు, బెల్ వీటిలో పేరున్న చోటల్లా అదే పేరుండాలి. బండీ సెల్మర్ కంపెనీ వాళ్ల స్టూడెంట్ రకం, వీటో లెబ్లాంక్ కంపెనీ వాళ్లది. యమహా మీద వైసీఎల్ 20 అనో, వైసీఎల్ 250 అనో ఉంటే ప్లాస్టిక్కే. మాదాని జాయింట్ల మీద ఇంకేదో పేరుంది, బెల్ ఎవరో తర్వాత మార్చారు. జాయింట్ల మీది పేరు కూడా ఒక్కోసారి అమ్మిన షాపుదే అవుతుంది, తయారుచేసిన వాళ్లది కాదు.

నన్నడిగితే, నేర్చుకునే పిల్లలకి చెక్కే కావాలన్నది ఉత్త పట్టుదల. గాలి పోకూడదు, అంతే. పై జాయింట్ రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింది కొసకి అరచెయ్యి అడ్డం పెట్టి, పైనుంచి గాలి పీల్చండి. పట్టు కాసేపు నిలవాలి. మాది నిలవలేదు, మీటల కింద రంధ్రాలు మూసే ప్యాడ్లన్నీ మార్పించడానికి కొన్న ధరకి మూడింతలైంది. ఇప్పుడు మా అమ్మాయి రోజూ అదే వాయిస్తోంది. బెల్ ఇంకా మార్చలేదు.